‘ర్యాట్ క్వీన్స్’లో నవ్వు ఎక్కడి నుంచి వస్తోంది? మా చెల్లెలి ప్రశ్నకు జవాబు వెతుకుతున్నాను

సన్నజాజితీగ

సభ్యులందరికీ నమస్కారం. మా చెల్లెలు డిగ్రీ పరీక్షలు రాసి ఇంటికి వచ్చినప్పుడు, నేను ఎంతో ఇష్టంగా దాచుకున్న ‘ర్యాట్ క్వీన్స్’ అనే ఇంగ్లీషు కామిక్ మొదటి సంపుటిని చదవమని ఇచ్చాను. రెండు రోజుల తర్వాత పుస్తకం తిరిగి ఇస్తూ, “అక్కా, మగవాళ్ల తాగుడు, తగాదాలు, బూతులు ఇందులో ఆడవాళ్లకు అంటగట్టారు. నవ్వడానికి ఏముంది?” అని అడిగింది. నేను ఈ పుస్తకం చదివిన ప్రతిసారీ నవ్వాను. అయినా ఎందుకు నవ్వానో ఆమెకు చెప్పలేకపోయాను. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

చదవని వారి కోసం కొంచెం చెబుతాను. ఇమేజ్ కామిక్స్ సంస్థలోని షాడోలైన్ విభాగం ద్వారా 2013 సెప్టెంబరులో మొదటి సంచిక వచ్చింది. రచన కర్టిస్ జె. వీబ్, బొమ్మలు రాక్ అప్‌చర్చ్. పాలిసేడ్ అనే ఊళ్లో డబ్బు తీసుకుని రాక్షసులను చంపిపెట్టే సాహస బృందాలు కొన్ని ఉంటాయి. వాటిలో ఒకటి ఈ నలుగురిది. హానా ఎల్ఫ్ అనే కల్పిత జాతికి చెందిన మంత్రగత్తె. నోటి దురుసూ ఎక్కువే, ప్రేతవిద్యలో ప్రవేశమూ ఎక్కువే. వయలెట్ గడ్డం గీయించుకున్న డ్వార్ఫ్ (పొట్టిగా దిట్టంగా ఉండే కల్పిత జాతి) యోధురాలు. డీ దేవుణ్ణి నమ్మని పూజారిణి. బెట్టీ పొట్టి జాతికి చెందిన దొంగ, అందరి మీదా ప్రేమ కురిపించే మనిషి. కథ మొదలయ్యేసరికి ఈ బృందాలన్నీ సారాయి దుకాణంలో కొట్టుకుని ఊరిని ధ్వంసం చేసి జైల్లో ఉంటాయి. ఒక్కో బృందం ఒక్కో పని చేసిపెడితే వదిలేస్తామని ఊరి పెద్దలు చెబుతారు. ఆ పనులన్నీ వాళ్లను చంపడానికి ఎవరో పన్నిన వల అని త్వరలోనే తేలుతుంది. ఇది పెద్దల కోసం రాసిన పుస్తకం. రక్తమూ శృంగారమూ మత్తుపదార్థాలూ దాపరికం లేకుండా ఉంటాయి.

నా ప్రశ్న ఒక్కటే. ఈ నలుగురి స్థానంలో నలుగురు మగవాళ్లను పెడితే ఇదే నవ్వు వస్తుందా?

పాచికలసంచి

సన్నజాజితీగ గారూ, మంచి ప్రశ్న వేశారు. నేను అమెరికాలో ఉంటాను. ప్రతి శనివారం రాత్రి అయిదుగురం కలిసి డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుకుంటాం. ఒక్కొక్కరం ఒక్కో పాత్ర తీసుకుని, పాచికలు వేస్తూ సాహసకథ నడిపే ఆట అది. ఈ కామిక్ పునాది అంతా ఆ ఆటలోనే ఉంది కాబట్టి ముందు దాని గురించి చెప్పాలనిపించింది.

1974లో ఆ ఆట మొదటిసారి అచ్చయినప్పుడు అందులో మూడే వృత్తులు ఉండేవి: యోధుడు, మంత్రగాడు, పూజారి. దొంగ అన్న నాలుగో వృత్తి 1975లో వచ్చిన అనుబంధ పుస్తకంతో చేరింది. వయలెట్, హానా, డీ, బెట్టీ సరిగ్గా ఆ నాలుగు కుర్చీల్లో కూర్చున్నారు. ఆట ఆడినవాళ్లకు మొదటి పేజీలోనే ఈ కుర్చీలు కనిపిస్తాయి. ఏ కుర్చీలో ఎలాంటి మనిషి ఉండాలో మనం ముందే ఊహించేసుకుంటాం. పూజారి అంటే భక్తుడు, దొంగ అంటే నమ్మదగనివాడు, యోధుడు అంటే మాట తక్కువ, కత్తి ఎక్కువ. ఇక్కడ పూజారిణి నాస్తికురాలు, దొంగ బృందం మొత్తానికీ ప్రాణం, యోధురాలు అందరికంటే ఎక్కువ ఆలోచించే మనిషి. మొదటి నవ్వు ఈ తిరకాసులోనే ఉంది.

ఇంకో సంగతి మీ చెల్లెలికి తప్పకుండా చెప్పండి. 1978లో వచ్చిన ఆటగాళ్ల నియమగ్రంథంలో ఆడ పాత్రల బలానికి హద్దు పెట్టారు. ఆ ఆటలో మామూలుగా బలం 18 దాకా ఉంటుంది. 18 వచ్చిన యోధుడు మళ్లీ నూరింటికి పాచికలు వేసి అదనపు బలం తెచ్చుకోవచ్చు. మనుషుల్లో మగ యోధుడికి ఆ నూరూ అందుబాటులో ఉంటే, ఆడ యోధురాలు యాభై దగ్గర ఆగిపోవాలి. డ్వార్ఫ్ మగవాడు తొంభై తొమ్మిది దాకా వెళ్లవచ్చు. డ్వార్ఫ్ స్త్రీకి మాత్రం అసలు 18 కూడా లేదు, 17తో సరి. 1989లో వచ్చిన రెండో కూర్పులో గాని ఆ నియమం పోలేదు. పదకొండేళ్ల పాటు, రాక్షసులూ మంత్రాలూ ఎగిరే పాములూ ఉన్న ఊహాలోకంలో కూడా, ఆడదాని భుజబలం ఇంతకు మించకూడదని ఎవరో కూర్చుని పట్టిక గీశారు. వయలెట్ కత్తి ఎత్తి ట్రోల్ అనే రాక్షసుడి మీదికి దూకే పేజీ చూసినప్పుడల్లా నాకు ఆ పట్టికే గుర్తుకు వస్తుంది.

కొండపల్లి

మీ చెల్లెలి మాటలో కొంత నిజం ఉందని నేను అనుకుంటున్నాను. మొదటి సంచికలో బూతు మాటలు అవసరానికి మించి ఉన్నాయి. “చూడండి, ఆడవాళ్లు కూడా ఇలా మాట్లాడతారు” అని పాఠకుడి భుజం తట్టి చెబుతున్నట్టు ఉంటుంది. కొత్త పుస్తకం జనం దృష్టిలో పడాలన్న తపన అందులో కనిపిస్తుంది. మూడో సంచిక నాటికి ఆ తపన తగ్గి, పాత్రలు తమ సొంత గొంతుతో మాట్లాడడం మొదలుపెడతాయి. మొదటి సంపుటి సగంలో ఆపేసినవారికి ఈ పుస్తకం నచ్చకపోవడం నాకు ఆశ్చర్యం కలిగించదు. మీ చెల్లెలు పూర్తిగా చదివిందా?

సన్నజాజితీగ

పూర్తిగా చదివింది కొండపల్లి గారూ. చివరి పేజీ దాకా చదివాకే ఆ మాట అంది. అందుకే ఆమె అభిప్రాయాన్ని తేలిగ్గా తీసుకోలేకపోతున్నాను.

వేపచెట్టునీడ

పాచికలసంచి గారు చెప్పిన తిరకాసు నిజమే గాని, నవ్వంతా అక్కడే ఉందని నేను అనుకోను. తిరకాసు ఒకటి రెండు సార్లు నవ్విస్తుంది, ఆ తర్వాత పాతబడుతుంది. ఈ పుస్తకాన్ని మళ్లీ మళ్లీ చదివించేది వాళ్లు నలుగురు కావడం.

మనకు తెలిసిన వీరవనితల కథలను తలచుకోండి. రుద్రమదేవి శాసనాల్లో రుద్రదేవ మహారాజు అన్న పురుషనామంతో కనిపిస్తుంది. సింహాసనం మీద ఆమె ఒక్కతే. ప్రమీల కథలో స్త్రీరాజ్యం నిండా ఆయుధాలు పట్టిన ఆడవాళ్లే ఉన్నా, మనకు పేరు తెలిసినది ప్రమీల ఒక్కతే. ఆ కథ కూడా చివరికి అర్జునుడితో పెళ్లి దగ్గర ఆగుతుంది. ఒక్కతే ఉన్నప్పుడు ఆమె ఏం చేసినా అది ఆడజాతి మొత్తానికీ లెక్కకు వస్తుంది. ఆమె పిరికిదైతే ఆడవాళ్లందరూ పిరికివాళ్లు, ఆమె తప్పు చేస్తే ఆడవాళ్లకు రాజ్యం తగదు. అంత బరువు మోసే మనిషి నవ్వించలేదు. ఒక్క అడుగు తడబడినా ఊరుకోని చోట తమాషా ఎలా పుడుతుంది?

ఇక్కడ ఆ బరువు నలుగురి మీద పడి కరిగిపోయింది. హానా కోపిష్ఠి అయినంత మాత్రాన ఆడవాళ్లు కోపిష్ఠులని ఎవరూ అనలేరు, పక్కనే బెట్టీ ఉంది కాబట్టి. బెట్టీ మత్తులో తేలుతున్నంత మాత్రాన ఆడవాళ్లకు బాధ్యత లేదనలేరు, పక్కనే డీ ఉంది కాబట్టి. నలుగురికీ తప్పు చేసే స్వేచ్ఛ దొరికింది. తప్పు చేసే స్వేచ్ఛ ఉన్న మనిషే హాస్యపాత్ర కాగలదు. మగ సాహస బృందాలకు ఈ స్వేచ్ఛ మొదటి నుంచీ ఉంది. వాళ్లలో ఒకడు తిండిపోతు, ఒకడు పిరికివాడు, ఒకడు గొప్పలు చెప్పుకునేవాడు అయినా మగజాతి పరువుకు ఏ లోటూ రాలేదు. మీ ప్రశ్నకు నా జవాబు ఇది. నలుగురు మగవాళ్లను పెడితే కథ ఇలాగే నడుస్తుంది, కొన్ని నవ్వులూ మిగులుతాయి. ఇన్నాళ్లూ మూతపడి ఉన్న ఆ తలుపు తెరుచుకున్న ఆనందం మాత్రం మిగలదు.

రాత్రి భోజనానికి అందరికీ సరుకులు సర్దుకు రమ్మంటే బెట్టీ మిఠాయిలూ మత్తుమందులూ సర్దుకు వస్తుంది కదా, ఆ ఘట్టం చూడండి. మిగతా ముగ్గురి ముఖాల్లో కనిపించేది ఆశ్చర్యం కాదు, అలవాటైన అలసట. వీళ్లు చాలాకాలంగా కలిసి తిరుగుతున్నారని, ఇలాంటి రాత్రిళ్లు ఇదివరకు ఎన్నో గడిచాయని ఆ అలసటతోనే మనకు తెలిసిపోతుంది. స్నేహాన్ని ఇంత పొదుపుగా చెప్పిన బొమ్మల కథలు నేను ఎక్కువగా చూడలేదు.

అగరుధూపం

నేను డీ గురించి రాయాలి. ఈ పుస్తకంలో నాకు ఎవరైనా దగ్గరివాళ్లు ఉన్నారంటే ఆమే.

మాది నిత్యం పూజలు జరిగే ఇల్లు. ఇంటర్మీడియట్ నాటికి నాకు నమ్మకం పోయింది. అయినా ఇప్పటికీ పండగకు ఇంటికి వెళ్తే మడి కట్టుకుని నైవేద్యం నేనే వండుతాను, ఎందుకంటే మా అమ్మ మోకాళ్లు ఇప్పుడు సహకరించవు. నా చేతి పులిహోర దేవుడికి నచ్చుతుందో లేదో గాని బంధువులందరికీ నచ్చుతుంది. అలా బతికే మనిషిని ఒక కామిక్‌లో చూస్తానని నేను ఎప్పుడూ అనుకోలేదు.

డీ పుట్టి పెరిగింది న్రైగాత్ అనే స్క్విడ్ రూపపు దేవతను కొలిచే కుటుంబంలో. ఆ నమ్మకాన్ని వదిలి బయటికి వచ్చేసింది. అయితే ఆమె గాయాల మీద చెయ్యి వేస్తే గాయాలు మానుతాయి. నమ్మకం లేని మనిషి చేతికి ఆ శక్తి ఎలా వచ్చింది? ఆ ప్రశ్నను రచయిత హడావిడిగా తేల్చేయలేదు. రెండో సంపుటిలో ఆమె విడిచిపెట్టిన జీవితమూ ఆమె భర్తా మళ్లీ ఎదురైనప్పుడు ఆ ప్రశ్నకు మరింత బరువు వస్తుంది. ఆమె నాస్తికత్వాన్ని చూసి నవ్వమని రచయిత మనకు చెప్పడు, ఆమె వదిలి వచ్చిన భక్తులను చూసి నవ్వమనీ చెప్పడు. నవ్వు వచ్చేది ఆమె పడే ఇబ్బందిలోంచి. తను లేడని నమ్మే దేవుడి పేరు మీద పని జరిగిపోతూ ఉంటే ఎవరికి చెప్పుకోవాలి?

మొదటి సంపుటిలో పెద్ద విందు జరిగినప్పుడు ఊరంతా తాగి గెంతుతుంటే డీ ఒక మూల పుస్తకం పట్టుకుని కూర్చుంటుంది. ఆ బొమ్మ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మన పెళ్లిళ్లలో అలా కూర్చున్న అమ్మాయిని చూసిన పెద్దవాళ్లు “ఏమ్మా, ఒంట్లో బాగోలేదా, అలా ఒంటరిగా కూర్చున్నావేం?” అని పదిసార్లు అడుగుతారు. స్నేహితురాళ్లు మాత్రం డీని ఆమె మానాన వదిలేస్తారు. ఆమె అలాగే ఉంటుందని వాళ్లకు తెలుసు, అలా ఉన్నందుకు ఆమె మీద జాలి పడరు. మీ చెల్లెలు ఆ పేజీని మరొక్కసారి చూడాలని నా కోరిక. తాగుడూ తగాదాలూ మగవాళ్ల నుంచి తెచ్చుకున్నవే అనుకుందాం, మరి ఈ వదిలేయడం ఎక్కడి నుంచి తెచ్చుకున్నది?

పాచికలసంచి

అగరుధూపం గారూ, మీరు రాసింది చదివి చాలాసేపు ఊరుకున్నాను. మా శనివారం ఆటలో నేను పూజారిగా ఆడుతున్నప్పుడు ఇలా ఆలోచించలేదు.

వయలెట్ గడ్డం గురించి ఒక్క మాట. టోల్కీన్ తన ‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ నవలకు రాసిన అనుబంధాల్లో డ్వార్ఫ్ స్త్రీలు ప్రయాణానికి బయలుదేరినప్పుడు రూపంలోనూ వేషంలోనూ పురుషుల నుంచి వేరుగా గుర్తుపట్టలేనంతగా ఉంటారని ఉంటుంది. అప్పటి నుంచి డ్వార్ఫ్ స్త్రీకి గడ్డం ఉంటుందా ఉండదా అన్నది ఈ రకం కథలు చదివేవాళ్లలో తెగని వాదన. వీబ్ ఆ వాదనను తీసుకుని ఒక కుటుంబకథగా మార్చాడు. ఆ జాతిలో గడ్డం ఇంటి గౌరవం. దాన్ని తీసేయడం అంటే పెద్దల మాట కాదనడం. మన ఇళ్లలో జుట్టు కత్తిరించుకుని వచ్చిన అమ్మాయి వాకిట్లో అడుగుపెట్టినప్పుడు ఏం జరుగుతుందో గుర్తుచేసుకుంటే చాలు, వయలెట్ ఎవరో వెంటనే అర్థమవుతుంది. తోడబుట్టినవాడు వచ్చి ఇంటికి రమ్మని నిలదీసే ఘట్టంలో వినిపించే మాటలు మనం విన్నవే.

గీతలబడి

నేను పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తాను. ఇంతసేపూ అందరూ మాటల గురించే రాశారు, ఇక గీతల గురించి నేను చెబుతాను.

ఈ నలుగురినీ నల్లని నీడలుగా మార్చి గోడ మీద వేసినా ఎవరు ఎవరో చెప్పేయవచ్చు. సాహస కథల్లో ఆడవాళ్లను గీసే చిత్రకారులు చాలామంది ఒకే శరీరాన్ని గీసి జుట్టు రంగులు మార్చి ఊరుకుంటారు. అప్‌చర్చ్ అలా చేయలేదు. వయలెట్ భుజాలు వెడల్పు, నడుము దిట్టం, నిలబడితే నేలలో నాటుకున్నట్టు ఉంటుంది. హానా తలకట్టు 1950ల నాటి అమెరికా రాకబిల్లీ సంగీతపు రోజులను గుర్తుచేస్తుంది. డీ నల్లజాతి స్త్రీ; నిలబడిన తీరులోనే ఒక దూరం కనిపిస్తుంది. బెట్టీ ముఖమంతా కళ్లే. కవచాలు కూడా యుద్ధానికి పనికొచ్చేలా ఉంటాయి, ప్రదర్శనకు పెట్టినట్టు ఉండవు. హాస్యకథకు ఇది ప్రాణం. నలుగురికీ ఒకే ముఖం ఉంటే, ఒకే మాట విని నలుగురూ నాలుగు రకాలుగా ముఖం పెట్టడం సాధ్యం కాదు. వేపచెట్టునీడ గారు చెప్పిన ఆ అలసట కూడా కనిపించదు.

ఇక్కడే కష్టమైన సంగతి చెప్పాలి. గృహహింస ఆరోపణ మీద అప్‌చర్చ్ అరెస్టయ్యాడన్న వార్త 2014 చివరిలో బయటికి వచ్చింది. ఇకమీదట ఈ పుస్తకానికి ఆయన బొమ్మలు వేయరని వీబ్ నవంబరులో ప్రకటించాడు. అప్పటికి వచ్చినవి ఎనిమిది సంచికలు. 9, 10 సంచికలకు క్రొయేషియా చిత్రకారుడు స్త్యెపాన్ షెయిచ్ బొమ్మలు వేశాడు. 11వ సంచిక నుంచి టెస్ ఫౌలర్ అందుకుంది. 2016లో ప్రచురణ ఆగిపోయి, 2017లో ఓవెన్ జియెనీ బొమ్మలతో మళ్లీ ఒకటో సంచిక నుంచి లెక్క మొదలైంది. 2019లో రచన రయన్ ఫెరియర్ చేతికీ, బొమ్మలు ప్రిసిల్లా పెట్రైటెస్ చేతికీ వెళ్లాయి. ఇన్ని చేతులు మారినా ఆ నలుగురినీ గుర్తుపట్టగలిగామంటే, మొదట గీసిన ఆకారాలు అంత గట్టివన్నమాట. ఈ మాట రాయడం నాకు సులభంగా లేదు, అయినా బొమ్మలు వేసే మనిషిగా దీన్ని దాచలేను.

పాతసంచిక

నేను ఆ వార్త వచ్చిన రోజు నుంచి మొదటి ఎనిమిది సంచికలు మళ్లీ తెరవలేదు. ఆడవాళ్లు ఒకరికొకరు కాపలాగా నిలబడే కథ అది. ఆ కథకు గీత గీసిన చేతి మీద అలాంటి ఆరోపణ వచ్చాక ఆ పేజీల్లో నవ్వడం నాకు చేతకాలేదు. చదివేవాళ్లను తప్పుపట్టను. నా అలమరలో మాత్రం ఫౌలర్ బొమ్మలు వేసినవే ఉన్నాయి.

వేపచెట్టునీడ

పాతసంచిక గారి నిర్ణయాన్ని గౌరవిస్తున్నాను. నేను చదువుతూనే ఉన్నాను, ఎందుకో చెబుతాను. ఇమేజ్ సంస్థను 1992లో స్థాపించినవాళ్లు తమ సృష్టి మీద హక్కు తమకే ఉండాలని పెద్ద సంస్థ నుంచి బయటికి వచ్చిన చిత్రకారులు. అక్కడ ఒక కథ రచయితదీ చిత్రకారుడిదీ అవుతుంది, సంస్థది కాదు. ఆ పద్ధతి మంచిదే. అందుకే, ఇద్దరిలో ఒకరిని పక్కన పెట్టి ముందుకు సాగడం జీతం ఇచ్చే సంస్థలో ఒక ఉద్యోగిని మార్చినంత తేలిక కాదు. ఇంత చిక్కులోనూ వీబ్ మౌనంగా ఉండిపోలేదు, వార్త సద్దుమణిగేదాకా ఎదురుచూడలేదు. ఆ పుస్తకాన్ని ప్రేమించిన ఆడవాళ్లు తర్వాతి సంచిక కొనాలా వద్దా అని తమలో తాము నలిగిపోకుండా ఆ ప్రకటన కొంతైనా కాపాడింది.

పాతసంచిక

అది నేను ఆలోచించని కోణం. అయినా నా అలమర అలాగే ఉంటుంది.

పదకోశం

చర్చ బరువైన చోటికి వెళ్లింది, వెళ్లవలసిందే. నేను మొదటి ప్రశ్నకు వేరే దారిలో తిరిగి వస్తాను. కేవలం నా సాధన కోసం, మొదటి సంచికలోని కొన్ని పేజీల మాటలను తెలుగు చేసి చూసుకుంటున్నాను. ఆ పని చేస్తుంటే ఈ నవ్వు గురించి ఒక సంగతి తెలిసింది.

ముందుగా బూతులు. తెలుగులో మగవాళ్ల బూతులు దాదాపు అన్నీ ఎదుటివాడి తల్లినో ఆలినో అవమానించేవి. హానా నోట అవి పెడితే, సన్నజాజితీగ గారి చెల్లెలు అన్నట్టు అరువు తెచ్చుకున్న మగతనమే అవుతుంది. అప్పుడు మా నాయనమ్మ గుర్తుకు వచ్చింది. ఆమె నోట ఒక్క బూతు కూడా వినలేదు గాని, ఆమె శాపనార్థాలు మొదలుపెడితే వీధి చివర దాకా వినిపించేవి. నీ నోట్లో మన్ను పడ, నీ మొహం మండ, నీ కాళ్లు విరగ, నీ జిమ్మడ, నిన్ను తగలెయ్య. ఇవి ఆడవాళ్లు తమకోసం తయారుచేసుకున్న తిట్లు. వీటిలో లయ ఉంది, పెంచుకుంటూ పోవడానికి వీలుంది, ప్రేమగా అనడానికీ వీలుంది. మనవడికి అన్నం కలిపి పెడుతూ “నీ జిమ్మడ, ఇంకో ముద్ద తినరా” అని మా నాయనమ్మ అనేది. హానా తన స్నేహితురాళ్లను తిట్టే తీరు సరిగ్గా అదే. ఆ తిట్లు పెట్టి చూడగానే ఆమె నా చెవికి తెలుగుదైపోయింది.

రెండోది పిలుపు. ఇంగ్లీషులో ఎవరినైనా ఒకే మాటతో పిలుస్తారు. మనకు “ఏమే”, “ఒసేయ్”, “పోవే”, “రావే” ఉన్నాయి. ఆ చివరి ఏకారం మగవాడు పరాయి స్త్రీ మీద వాడితే అహంకారం, స్నేహితురాలు వాడితే ఎంతో చనువు. బెట్టీ మొదటి నుంచీ అందరినీ “ఏమే” అంటుంది. డీ మాత్రం ఒక సంచిక గడిచేదాకా ఎవరినీ అలా అనదు, పేరు పెట్టే పిలుస్తుంది. ఇది నేను చేర్చుకున్నది, మూలంలో లేదు; కానీ మూలంలో ఆమె నిలబడిన దూరాన్ని తెలుగులో చూపడానికి ఇంతకంటే మంచి దారి నాకు కనిపించలేదు.

డ్వార్ఫ్‌ను మరుగుజ్జు అనకూడదని నిర్ణయించుకున్నాను. మనలో పొట్టిగా పుట్టిన మనుషులను వెక్కిరించడానికి ఆ మాట వాడుతున్నారు. డ్వార్ఫ్, ఎల్ఫ్, ఓర్క్ అన్న కల్పిత జాతుల పేర్లు అలాగే ఉంచాను. బెట్టీ జాతి పేరుకు మాత్రం మంచి మాట దొరికింది. మూలంలో ఆ పేరు ‘స్మిడ్జెన్’, దాని అర్థం ఏదైనా వస్తువులో అతి కొద్ది భాగం. దాన్ని “పిసరు” అన్నాను. పిసరు జాతి, పిసరు పిల్ల. ఇది మీకు ఎలా వినిపిస్తోంది?

అగరుధూపం

పిసరు చాలా బాగుంది. డీ పిలుపు సంగతి చదివి కళ్లు చెమర్చాయి.

కొండపల్లి

ఒక జాగ్రత్త చెప్పాలి పదకోశం గారూ. నలుగురికీ నాలుగు యాసలు పెడితే గుర్తుపట్టడం తేలికవుతుందని ఎవరైనా సలహా ఇస్తే దయచేసి వినకండి. మన సినిమాల్లో చాలాకాలం కథానాయకుడు పుస్తకాల తెలుగు మాట్లాడితే, పక్కనున్న హాస్యగాడికో దుర్మార్గుడికో తెలంగాణ మాటో, శ్రీకాకుళం మాటో, రాయలసీమ మాటో అంటగట్టారు. మా కరీంనగర్ వైపు పిల్లలు బడిలో నోరు విప్పడానికి జంకింది అందువల్లే. బెట్టీ నవ్వించే పాత్ర కాబట్టి ఆమెకు యాస పెడితే, వేపచెట్టునీడ గారు చెప్పిన స్వేచ్ఛ మొత్తం పోతుంది. ఆమె మళ్లీ ఒక ప్రాంతం బరువు మోయవలసి వస్తుంది. పెడితే నలుగురికీ ఒకే ఊరి మాట పెట్టండి. ఆ ఊరు ఏదైనా నాకు సంతోషమే.

పదకోశం

నిజం చెప్పారు. వయలెట్‌కు రాయలసీమ మాట పెట్టాలని ఒక చిత్తుప్రతి రాసుకున్నాను. దాన్ని చించేస్తున్నాను. నలుగురూ మా నాయనమ్మ ఊరి మాటే, గుంటూరు మాటే మాట్లాడతారు.

గీతలబడి

బ్రాగా గురించి ఎవరూ రాయలేదు, అందుకని చిన్న మాట. పీచెస్ అన్న మరో సాహస బృందంలోని ఓర్క్ స్త్రీ ఆమె. 2015 జనవరిలో ఆమె కోసమే ఒక ప్రత్యేక సంచిక వచ్చింది, బొమ్మలు టెస్ ఫౌలర్. ఓర్క్ తెగ నాయకుడి కొడుకుగా, వారసుడిగా పెరిగిన ఆమె గతం అందులో ఉంటుంది. బ్రాగా ట్రాన్స్ స్త్రీ అన్న సంగతిని ఆ సంచిక ఎక్కడా పెద్ద రహస్యంలా దాచిపెట్టి చివర్లో బయటపెట్టదు, ఆమె జీవితంలో ఒక భాగంగా చెబుతుంది. బెట్టీ ప్రేమించేది కూడా ఒక అమ్మాయినే. 2015లో ఈ కామిక్‌కు, స్వలింగ ప్రేమికులనూ ట్రాన్స్ వ్యక్తులనూ గౌరవంగా చూపిన రచనలకు ఇచ్చే గ్లాడ్ మీడియా పురస్కారం వచ్చింది. అదే ఏడాది మొదటి సంపుటి, సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకు ఇచ్చే హ్యూగో పురస్కారానికి పోటీలో నిలిచింది. సరదా కోసం పుట్టిన పుస్తకానికి ఇలాంటి గౌరవాలు అరుదుగా దక్కుతాయి.

పాచికలసంచి

మొదటి సంపుటిలో నాకు నచ్చిన ఇంకో నవ్వు ఊరిది. సాహసవీరులు ఊరికి మేలు చేసేవాళ్లని ఈ రకం కథలన్నీ అనుకుంటాయి. ఇక్కడ పాలిసేడ్‌లోని దుకాణదారుల కష్టం కూడా చూపించారు. రాక్షసుణ్ణి చంపి వచ్చిన ఆనందంలో బల్లలు విరగ్గొడితే ఆ బల్లల డబ్బు ఎవరు కడతారు? వాళ్ల మీద ఎవరికి, ఎందుకు కోపం వచ్చిందో తెలిసినప్పుడు ఆ కోపం అన్యాయమని అనలేకపోయాను. చదవనివారి కోసం ఆ పేరు చెప్పను.

సన్నజాజితీగ

అందరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి ఈ చర్చ మొత్తం మా చెల్లెలికి చదివి వినిపించాను. బలానికి హద్దు పెట్టిన పట్టిక గురించి విని చాలా కోపం తెచ్చుకుంది. వేపచెట్టునీడ గారి మాటను పూర్తిగా ఒప్పుకోలేదు. నలుగురు ఉన్నా మొదటి సంచికలో నలుగురూ ఒకే గొంతుతో తిట్టుకున్నారని, కొండపల్లి గారే సరిగ్గా పట్టుకున్నారని అంది. పదకోశం గారి తిట్లు విన్నాక మాత్రం నవ్వు ఆపుకోలేకపోయింది. మా అమ్మమ్మ కూడా “నిన్ను తగలెయ్య” అనే నన్ను నిద్ర లేపేది, ఇద్దరికీ ఒకేసారి అదే గుర్తుకు వచ్చింది.

తర్వాత తనే వెళ్లి అలమరలోంచి మొదటి సంపుటి తీసి విందు జరిగే పేజీ వెతికింది. డీ కూర్చున్న మూలను చాలాసేపు చూసింది. “ఈమె ఏ పుస్తకం చదువుతోందో వేశారా?” అని అడిగింది. వాళ్ల హాస్టల్లో ప్రతి శనివారం ఎనిమిదిమంది ఒక గదిలో చేరి సినిమా చూస్తుంటే తను మెట్ల మీద కూర్చుని చదువుకునేదాన్నని, మూడేళ్లలో ఎవరూ తనను విడిగా పిలిచి ఎందుకని అడగలేదని, అది వాళ్ల మంచితనమని తనకు ఇప్పుడే తోచిందని చెప్పింది.

రెండో సంపుటి అడిగింది. ఇచ్చే ముందు గీతలబడి గారూ పాతసంచిక గారూ రాసిన సంగతులు రెండూ చెప్పాను. మధ్యలో బొమ్మలు మారతాయని, ఎందుకు మారాయో తెలిసి చదవడం మేలని అన్నాను. ఒక నిమిషం ఆలోచించి, ముందు బ్రాగా సంచిక ఇవ్వమని, మిగతాది ఆ తర్వాత చూద్దామని అంది. నా దగ్గర ఆ ప్రత్యేక సంచిక లేదు. హైదరాబాదులో ఎవరి దగ్గరైనా ఉంటే, వారం రోజులకు చదవడానికి ఇవ్వగలరా?

పాతసంచిక

నా దగ్గర ఉంది. ఆదివారం తెచ్చి ఇస్తాను.